బండి నంబరు

పొట్టంగిలో చలి కార్తీకంలో దిగుతుంది. సాలూరులో చొక్కా గుండీలు విప్పుకుని బస్సెక్కిన మనిషి సుంకి ఘాటీ దాటేసరికి కిటికీ అద్దం మూస్తాడు, పొట్టంగిలో దిగేసరికి తలకు తువ్వాలు చుడతాడు. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఆ బస్సు ఎక్కినవారే కనుక ఎక్కువ చెప్పక్కర్లేదు. పుష్యమాసంలో తెల్లవారుజాము ఐదు డిగ్రీలకు దిగడం మాకు వింత కాదు. వలిసె పూల పసుపు పోయి చేలు బోసిపోతాయి. సంతలో అల్లం బస్తాల పక్కన కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం పన్నెండయినా దుప్పటి తియ్యరు. ఇప్పుడు విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చి దేవమాలి మీద గుడారాలు వేసుకుని మరీ ఈ చలిని చూసి వెళుతున్నారు. ఒరిస్సాలో అదే ఎత్తయిన కొండ, 1672 మీటర్లు. మా చిన్నతనంలో చలిని చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. చలి వల్ల నాలుగు డబ్బులు వస్తాయనుకున్నవాళ్లే వచ్చేవారు. స్వెట్టర్లవాళ్లు, కంబళ్లవాళ్లు, దూదేకులవాళ్లు.

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పనస చెట్టు కింద ప్రతి ఏడూ దీపావళి వెళ్లాక ఒక పాత మెటడోర్ వేను వచ్చి ఆగేది. దూదేకుల సాయిబు, ఆయన భార్య. చీపురుపల్లి అవతల ఒక పల్లె వాళ్లది. వేను వెనక భాగంలో దూది ఏకే మిషను, దాన్ని తిప్పడానికి చిన్న డీజిల్ ఇంజను, దూది బేళ్లు, గుడ్డ తానులు. మిగిలిన జాగాలో సంసారం. ఒక ట్రంకు పెట్టె, నాలుగు గిన్నెలు, నీళ్ల బిందె, గోడకు కొట్టిన మేకుకు చిన్న అద్దం. పడుకునేది దూది మీదే. పగలల్లా అమ్మే సరుకు రాత్రి వాళ్ల పరుపు. అంత చలిలోనూ బండి లోపల నిప్పు ముట్టించేవారు కారు. దూదికి నిప్పురవ్వ తగిలితే ఇల్లూ వ్యాపారమూ ఒక్కసారే పోతాయి కదా. వంట బయటే, మూడు రాళ్ల పొయ్యి మీద. సాయిబు చుట్ట కాల్చాలంటే రోడ్డు దాటి వెళ్లి కాల్చుకుని వచ్చేవాడు.

పాత రజాయిలో దూది తీసి, మిషను ఆడించి, కొత్త గుడ్డ వేసి దబ్బనంతో కుట్టి సాయంత్రానికి ఇచ్చేవారు. సంతలో బూరుగు దూది కొని తలగడలు చేసేవారు. మిషను ఆడుతుంటే మా పెరడంతా తెల్లటి నూగు పడేది. అమ్మ విసుక్కునేది, విసుక్కుంటూనే బూబమ్మకు నూతి దగ్గర నీళ్లు తోడుకోనిచ్చేది. మాఘం వెళ్లాక ఒక ఉదయం లేచి చూస్తే చెట్టు కింద టైర్ల జాడ ఉండేది. వేసవిలో కిందకి దిగి పరుపులు కుట్టుకుంటారట. వానాకాలం మాత్రం తమ్ముడి ఇంటి అరుగు.

వాళ్ల సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, నిరుడు కాక మొన్న, అంటే 2024 జనవరిలో, అమెరికాలో ఒక ఎడారి ఊళ్లో పన్నెండు రోజులు బండిలో కాపురం చేశాను.

మా అబ్బాయి అరిజోనా రాష్ట్రంలో చాండ్లర్ అనే ఊళ్లో ఉద్యోగం. ముప్పై ఏళ్లు బాంకులో పనిచేసి నేను చూసిన దూరం భువనేశ్వర్, ఒకసారి ట్రైనింగుకి పుణే. ఈసారి సెలవంతా కూడబెట్టి ఇద్దరం వెళ్లాం. వాడి స్నేహితుడు, మన తెలుగబ్బాయే, ఒక పాత మోటార్ హోమ్ కొని పెట్టుకున్నాడు. బస్సంత పొడుగు లేదుగాని మా మెటడోరుకు రెండింతలుంటుంది. లోపల మంచం, స్టవ్వు, ఫ్రిజ్జు, బీరువాలో సగం జాగాలో స్నానాలగది. దాన్ని తీసుకుని సంక్రాంతికి క్వార్ట్‌సైట్ పోదాం, నేను అక్కణ్నించే ఆఫీసు పని చేసుకుంటాను అన్నాడు అబ్బాయి. ఇంట్లో పండగ మానేసి ఎడారిలో ఏమిటని మా ఆవిడ గొణిగింది గానీ అరిసెల డబ్బా మాత్రం ముందుగా ఎక్కించింది.

క్వార్ట్‌సైట్ ఫీనిక్స్‌కి పడమరగా రెండు గంటల దారి. ఊరి జనాభా రెండున్నర వేలకు లోపు. మన సెమిలిగుడ దీనికంటే చాలా పెద్దది. చుట్టూ గులకరాళ్ల నేల, ముళ్ల పొదలు, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి బ్రహ్మజెముడు చెట్లు, దూరంగా కాలిన కొండలు. వేసవిలో అక్కడ మనిషి నిలవలేడట. చలికాలం వచ్చేసరికి మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ ముసలివాళ్లు ఇళ్లు చక్రాల మీద పెట్టుకుని దిగుతారు. శీతకాలం మొత్తం మీద వచ్చిపోయేవారి లెక్క లక్షల్లో చెబుతారు. జనవరి మూడో వారంలో మొదలయ్యే మోటార్ హోముల ప్రదర్శనకు అసలు తిరనాళ్లే. మేము దిగేటప్పటికి ఆ పెద్ద గుడారం తయారవుతోంది. రాళ్లూ రత్నాలూ అమ్మే సంత అప్పటికే జోరుగా ఉంది. కంబళి పరిచి రంగురాళ్లు పోసుకు కూర్చున్నవాణ్ని చూస్తే నాకు మా అల్లం సంతే గుర్తొచ్చింది. బేరం చేసే తీరు కూడా అదే.

ఊరికి దక్షిణంగా లా పోసా అనే మైదానం. కేంద్రప్రభుత్వ భూముల శాఖవారు 1983 నుంచీ ఇలాంటి చోట్లు కొన్ని చలికాలపు బండ్లకు విడిచిపెట్టారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండడానికి మేం వెళ్లినప్పుడు రుసుము 180 డాలర్లు, పద్నాలుగు రోజులకైతే 40 ఉండేది. ఒక్క స్టిక్కరు ఇస్తారు, అద్దానికి అంటించుకోవాలి. నీళ్లు పట్టుకోవడానికీ మురికినీళ్లు వదలడానికీ ఒకచోట ఏర్పాటుంది. కరెంటు లేదు. బండి పైన సౌరపలకలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే జనరేటరు. రాత్రి పదికి జనరేటర్లు ఆపేయాలి. ఎవడి గీత ఎక్కడో గీసి ఉండదు, ఎవడి పక్కన ఎవడైనా ఆగవచ్చు. కోట్ల రూపాయల బస్సు, దాని నీడలో తుప్పు పట్టిన వ్యాను, దాని వెనక కారు సీటు వాల్చుకుని పడుకునే మనిషి.

ఈ చివరిరకం వాళ్లు 2008 మాంద్యం తరువాత ఎక్కువయ్యారని అబ్బాయి చెప్పాడు. ఇల్లు పోయినవాళ్లు, పింఛను చాలనివాళ్లు. వాళ్ల మీద జెసికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు 2017లో 'నోమాడ్‌లాండ్' అని పుస్తకం రాసింది. దాన్ని సినిమా తీస్తే 2021లో ఆస్కార్ వచ్చింది. ఈ ఊరు అందులో ఉంది. సినిమా నేను చూడలేదు, మనుషుల్ని చూశాను.

మా పక్క బండి ఒక డెబ్బై మూడేళ్ల ఆవిడది. ఒక్కతే, ఒక కుక్క. స్కూలు బస్సు నడిపి రిటైరయిందట. భర్త పోయాక ఇల్లు అమ్మేసి అప్పులు తీర్చి, మిగిలిన దాంతో ఈ వ్యాను కొంది. వేసవి అంతా ఉత్తరాన అడవుల్లో సర్కారు విడిదిచోట్ల కాపలా పని. అద్దె లేకుండా బండికి చోటూ కొద్ది జీతమూ ఇస్తారు. శరదృతువులో కొన్ని వారాలు ఉత్తర డకోటాలో చక్కెర దుంపల కోత దగ్గర పని. డబ్బు చేతికి రాగానే ఈ ఎడారికి. ఇదంతా ఆవిడ మడత కుర్చీలో కూర్చుని, కుక్క చెవి నిమురుతూ, మన వాళ్లు పురిటికి పుట్టింటికి వెళ్లొచ్చానని చెప్పినంత మామూలుగా చెప్పింది. మా ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు కొద్దిదే. అయినా వాళ్లిద్దరికీ నాకంటే ముందే స్నేహం కుదిరింది. రోజూ మధ్యాహ్నం ఆ కుక్కకు మా వంటలో పెరుగన్నం వెళ్లేది.

భోగినాడు, జనవరి 14 తెల్లవారుజామున, మేం మంట వేశాం. అక్కడ కట్టెలు సంచుల్లో కొనుక్కోవాలి, ఆవుపిడకల మాట చెప్పనే అక్కర్లేదు. చలి అచ్చం పొట్టంగిదే, ఐదో ఆరో డిగ్రీలు. గాలి మాత్రం పొడిగా, ముక్కు చీల్చేట్టుంటుంది. మంట చూసి నలుగురైదుగురు ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని వచ్చేశారు. పాతవి వేస్తారని మా ఆవిడ చెప్పగానే పక్కావిడ తన బండి లోంచి విరిగిన చెక్కపెట్టె ఒకటి తెచ్చి మంటలో వేసింది. ఏమిటది అంటే, అమ్మేసిన ఇంటి నుంచి తెచ్చుకున్న చివరి వస్తువుట. పదకొండేళ్లుగా సీటు కింద పడి ఉందిట. అరిసె తిని, ఇందులో ఏం వేశారని నాలుగుసార్లు అడిగింది.

ఆ మంట దగ్గరే నాలోని బాంకువాడు ఊరుకోలేక ఒక ప్రశ్న వేశాడు. మరి మీ పింఛను ఎక్కడ పడుతుంది, బాంకు నుంచి కాగితాలు ఏ చిరునామాకు వస్తాయి?

ఆవిడ పర్సు తీసి డ్రైవింగ్ లైసెన్సు చూపింది. దక్షిణ డకోటా రాష్ట్రం. ఆ రాష్ట్రంలో ఉత్తరాలు పుచ్చుకుని, చెప్పినచోటికి తిరిగి పంపించే కంపెనీలున్నాయి. వాళ్ల దగ్గర ఒక పెట్టె నంబరు అద్దెకు తీసుకోవాలి. ఆ రాష్ట్రంలో ఒక్క రాత్రి, ఏ హోటల్లోనో బండ్ల విడిదిలోనో పడుకున్నట్టు రసీదు చూపాలి. అంతే, ఆ రాష్ట్రపు పౌరుడు. లైసెన్సు, బాంకు ఖాతా అన్నీ ఆ పెట్టె మీదే. ఐదేళ్లకు లైసెన్సు మార్చుకునేటప్పుడు మళ్లీ ఒక రాత్రి పడుకుని వస్తే సరి. టెక్సాస్‌లోనూ ఫ్లోరిడాలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయట. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో ఇలా బండ్లవాళ్ల సంఘం ఒకటి వేలమంది ఉత్తరాలు చూస్తుంది.

"ఒక్క రాత్రేనా?" అన్నాను.

"వానొచ్చింది, దోమలు కూడా" అంది ఆవిడ, అది తనకు అదనపు అర్హత అయినట్టు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మంట చల్లారాక బండిలోకి వెళ్లి, స్నానం చేయకుండానే చాలాసేపు కూర్చున్నాను. బండి నంబరు రాసుకోండి బాబూ అన్న గొంతు పదకొండేళ్ల తరువాత వినిపించింది.

2012 డిసెంబరులో నేను పొట్టంగి వైపే ఒక శాఖకు మేనేజరుగా ఉన్నాను. శాఖ పేరు, బాంకు పేరు అనవసరం. తప్పు నాదే. సాయిబు ఒక మధ్యాహ్నం తలపాగా తీసి చంకలో పెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఇంటి పక్కవాణ్నయినా ఆఫీసులో కూర్చోమంటే కూర్చోలేదు. ఖాతా తెరవాలన్నాడు. రాత్రుళ్లు రోడ్డు పక్కన ఆగుతాం, డబ్బు బండిలో ఉంచుకోవడం భయంగా ఉంది అన్నాడు. తెచ్చిన కాగితం ఒక్కటే, ఆంధ్రా ఓటరు కార్డు. అందులో ఉన్న ఇల్లు తమ్ముడిది. రేషను కార్డు కూడా తమ్ముడి పేరు మీదే.

ఆ రోజుల్లో కె.వై.సి. అంటే మాకు దడ. కాగితం సరిగా లేని ఖాతా ఒకటి ఆడిట్‌లో దొరికి మా బాచ్ అతనికి మెమో వచ్చిన రోజులు. కార్డులో చిరునామా ఒకచోట, మనిషి ఉండేది ఇంకోచోట అయితే ఇప్పుడుంటున్న చోటుకు వేరే రుజువు కావాలి. శాశ్వత చిరునామాగాని ప్రస్తుత చిరునామాగాని ఏదో ఒకదానికి రుజువుంటే చాలని రిజర్వు బాంకు చెప్పింది 2014 జూన్‌లో. అది తరువాతి మాట. నేను అదే చెప్పాను. "మీ ఊళ్లో తెరుచుకోండి సాయిబుగారూ. ఇక్కడ మీకు అడ్రసు లేదు కదా."

"ఊళ్లో ఉండేది మూడు నెలలు బాబూ. మీ చెట్టు కింద ఉండేది నాలుగు నెలలు."

"చెట్టు అడ్రసు కాదండీ."

ఆయన కాసేపు ఆలోచించాడు. "బండి నంబరు రాసుకోండి బాబూ. అది మారదు" అన్నాడు.

నేను నవ్వాను. కౌంటరు దగ్గరున్న క్లర్కు కూడా నవ్వాడు. ఆ మాట ఆ వారమంతా బ్రాంచిలో తిరిగింది.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. కాగితాలేవీ లేనివారికి చిన్న ఖాతా తెరవవచ్చని 2010 డిసెంబరులోనే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. నెల తిరిగేసరికి రిజర్వు బాంకు సర్క్యులరు మా బల్లల మీదకు వచ్చింది. ఒక ఫొటో, బాంకు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో చాలు. నిల్వ 50,000 మించకూడదు. ఏడాదిలో జమలు లక్ష దాటకూడదు. నెలకు 10,000 మించి తీయకూడదు. పన్నెండు నెలల లోపు ఏదో ఒక గుర్తింపు కాగితానికి దరఖాస్తు పెట్టినట్టు చూపితే ఇంకో పన్నెండు నెలలు నడుస్తుంది. దూదేకుల సాయిబు కోసమే రాశారా అన్నట్టుంటుంది. ఆ సర్క్యులరు నేను చదివాను, సంతకం పెట్టి ఫైలులో పెట్టించాను. ఆ నా ఎదుట అనే మాట దగ్గర ఆగిపోయాను. రేపు ఏదైనా తేడా వస్తే కింద నా పేరుంటుంది. అప్పటికి ఆ రకం ఖాతా మా శాఖలో ఒక్కటీ లేదు. మొదటిది నేనెందుకు తెరవాలి? వచ్చే ఏడాది చూద్దామన్నాను. ఆయన సరే బాబూ అన్నాడు.

మన ప్రాంతంలో ఈ చిరునామా గొడవ ఎంత వింతైనదో మీకు తెలుసు. మా పొట్టంగి బ్లాకులోనే కొటియా పంచాయతీ ఉంది. అక్కడి పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాల మధ్య తగువు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్లున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒక గీత ఇటు పడడం వల్ల మనం ఒరిస్సా వాళ్లమయ్యాం. మా పిల్లలు సర్టిఫికెట్ల కోసం తిరిగేటప్పుడు ఇటూ అటూ కూడా మీరు ఎక్కడివారని అడిగించుకుంటారు. ఆ ప్రశ్న ఎంత మంటగా ఉంటుందో తెలిసినవాణ్ని నేను. అదే ప్రశ్న బల్లకు ఇవతల కూర్చుని అడిగాను.

అంతటితో అయిపోతే ఇది రాసేవాణ్ని కాను.

2016లో నేను జయపురం దగ్గర ఉన్నాను. ఆ ఏడు దీపావళి అక్టోబరు 30. వాళ్లు ఎప్పటిలాగే వచ్చి చెట్టు కింద దిగారు. నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి పెద్ద నోట్లు రద్దు. వాళ్ల దగ్గర 46,000 ఉందిట. ఆ సీజను దూదికీ గుడ్డకీ పెట్టుబడి, నాలుగేళ్లుగా మిగుల్చుకున్నది, అన్నీ కలిపి. అంతా ఐదువందల నోట్లే. ఒక తలగడలో బూరుగు దూది మధ్య పెట్టి కుట్టేసి ఉంచారు. కౌంటరు దగ్గర మనిషికి మార్చేది మొదట 4,000. తరువాత 4,500 అన్నారు, 18వ తేదీ నుంచి 2,000 చేశారు, 24తో అదీ ఆపేశారు. వేలికి సిరా కూడా పూశారు. ఖాతా ఉంటే డిసెంబరు 30 దాకా జమ చేసుకోవచ్చు. ఖాతా లేదు. ఎందుకు లేదో మీకు చెప్పాను.

అమ్మ ఫోను చేసింది. "ఒరే, సాయిబు డబ్బు నా ఖాతాలో వేయించనా? మారాక ఇచ్చేద్దాం. పాపం బూబమ్మ ఏడుస్తోంది."

వద్దన్నాను. ఇతరుల డబ్బు మీ ఖాతాల్లో వేసుకోవద్దని ప్రభుత్వం హెచ్చరిస్తోంది, నేను బాంకు ఉద్యోగిని, పేరు బయటికొస్తే నా ఉద్యోగానికి ముప్పు అన్నాను. అమ్మ మరి మాట్లాడలేదు. నేను బి.కాం. చదివినవాణ్ని. 46,000కి పాన్ కార్డు కూడా అడగరని, అడిగే హద్దు రోజుకు 50,000 అని, రెండున్నర లక్షల లోపు ఎవరినీ కదపబోమని ప్రభుత్వమే చెప్పిందని నాకు తెలుసు. ముసలావిడ పింఛను ఖాతాలో ఆ సొమ్ము పడితే ప్రపంచంలో ఎవడూ తిరిగి చూడడు. అయినా వద్దన్నాను. ఆ రోజుల్లో మేం రాత్రి పదకొండు దాకా నోట్లు లెక్కపెట్టి, ఇంటికొచ్చి చేతులు కడుక్కునే ఓపిక లేక అలాగే పడుకున్న మాట నిజమే. కాని అలసట వల్ల వద్దనలేదు.

నాలుగు రోజుల తరువాత అమ్మ మళ్లీ ఫోను చేసి, వాళ్లు వెళ్లిపోయారని చెప్పింది. "మిషను ఒక్కరోజు కూడా ఆడలేదు. దారికి నీళ్లు కూడా పట్టుకోలేదురా."

ఆ తరువాత ఆ వేను పొట్టంగి రాలేదు. 2019 జనవరిలో అమ్మ పోయింది. పోయేటప్పుడు కప్పి ఉన్న రజాయి వాళ్లు కుట్టిందే. నీలం గుడ్డ మీద తెల్ల పూలు.

లా పోసాలో మిగిలిన రోజులు ఎలా గడిచాయో పెద్దగా చెప్పడానికి లేదు. ఊళ్లోని శ్మశానానికి అబ్బాయి తీసుకెళ్లాడు. అక్కడ రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, దాని పైన రేకు ఒంటె. 1856లో అమెరికా సైన్యం సామాన్లు మోయించడానికి ఒంటెల్ని తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ అనే మనిషి సమాధి అది. పేరు పలకలేక హై జాలీ అన్నారు. ఒంటెల పథకం కొన్నేళ్లకు మూలపడింది. ఆయన మాత్రం ఆ ఎడారుల్లోనే తిరిగి, ఫిలిప్ టెడ్రో అని పేరు రాయించుకుని పౌరసత్వం తీసుకుని, 1902లో పోయాడు. రోడ్ల శాఖవారు 1935లో ఈ గుర్తు కట్టించారు. ఒంటె నీడ గులకరాళ్ల మీద పడి ఉంది. మా ఆవిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. ఎవరికి అని నేనడగలేదు.

బయల్దేరేనాడు పక్కావిడ తన పెట్టె నంబరు చీటీ మీద రాసి మా ఆవిడకిచ్చింది. ఎప్పుడు రాసినా ఎక్కడున్నా అందుతుంది అంది. దీపావళికి కార్డు వేశాం. నెలన్నర తరువాత జవాబు వచ్చింది, న్యూ మెక్సికో ముద్రతో.

తిరిగొచ్చాక ఫాల్గుణంలో సాలూరు వెళ్లి దూది కొట్లో వాకబు చేశాను. మూడో కొట్టాయన, "మెటడోరు సాయిబా? పోయి మూడేళ్లయింది" అన్నాడు. ఊరి పేరు ఆయనే సరిగా చెప్పాడు. చీపురుపల్లిలో దిగి ఆటో కట్టించుకున్నాను.

బూబమ్మ తమ్ముడి ఇంటి అరుగు మీదే ఉంది, చాట ముందు పెట్టుకుని. చూపు తగ్గింది. నేను పేరు చెబితే పోల్చుకోలేదు, పొట్టంగి పనసచెట్టు అంటే లేచి నిలబడింది. మొదట అడిగిన మాట, "అమ్మగారు ఎలగున్నారు బాబూ?" చెప్పాను. కొంగు కళ్లకు అద్దుకుంది.

డబ్బు సంగతి అడగడానికి నాకు గంట పట్టింది. తమ్ముడి ఖాతాలో వేశారట. అప్పట్లో అతనికి ఆసుపత్రి ఖర్చు వచ్చిందట. సగం చేతికొచ్చింది, సగం రాలేదు. "ఇంట్లోని వోడే కదా బాబూ, ఏటి అడుగుతాం?" ఆ పెట్టుబడి లేక మరుసటేడు దూది కొనలేకపోయారు. మిషను అమ్మారు, తరువాత వేనును పాత ఇనుము కింద విజయనగరంలో ఇచ్చేశారు. ఇప్పుడు ఆవిడకు ఖాతా ఉంది. పింఛను కోసం తెరిపించారు. పాస్‌బుక్కు తెచ్చి చూపించింది. నేను అలవాటు కొద్దీ చిరునామా గడి చూశాను. తమ్ముడి ఇంటి నంబరే ఉంది.

ఆ రోజు ఆయన బాంకుకొచ్చిన సంగతి ఆవిడకు గుర్తుందా అని అడిగాను. ఆయన చాలా బాంకులకు వెళ్లాడు బాబూ అంది. అంటే నాది అందులో ఒకటి. అది విని నాకు తేలికపడాల్సింది. పడలేదు.

"బండి నంబరు గుర్తుందా బూబమ్మా?"

"నాకు చదువు రాదు గదా. ఆయనకే తెలుసు."

ఏపీ 35 వరకు నాకు జ్ఞాపకం ఉంది, అది విజయనగరం జిల్లా బండ్లన్నిటికీ ఉండేదే. మిగతా అంకెలు ఏళ్ల తరబడి మా కిటికీ ఎదురుగానే ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రావడం లేదు.

వస్తుంటే అడిగింది. "నీలం రజాయి ఉందా బాబూ? ఆడించి ఎన్నేళ్లయింది?" అమ్మ పోయాక దాన్ని ముట్టలేదన్నాను. "గడ్డ కట్టీసుంటాది. తెండి. మిషను నేదు గాని ఆయన తండ్రినాటి విల్లుంది. నా కొడుకు వరస కుర్రోడు ఏకుతాడు, నేను దబ్బనం పట్టుకుంటే చెయ్యే చూస్తాది, కన్నెందుకు?"

కార్తీకంలో తెస్తానన్నాను. కార్తీకంలో మా శాఖకు ఇన్‌స్పెక్షన్ వచ్చింది, ఆ తరువాత క్లోజింగ్ హడావుడి. రజాయి బీరువా మీద ఉంది. నిన్న దింపి చూశాను. మూలల్లో గుప్పెడు గుప్పెడు చొప్పున గడ్డ కట్టింది. మధ్యలో మాత్రం ఇంకా మెత్తగానే ఉంది.